34 ఏళ్ల మనిషికి 68 ఏళ్లు ఎలా వచ్చాయి? లింక్ చార్టుల్లో అట్రిబ్యూట్ల లెక్క

కొన్నేళ్ల కిందట నేను గీసిన ఒక చార్టులో ఒక మనిషి వయసు 68 అని పడింది. అతని అసలు వయసు 34. డబ్బు ఎవరి ఖాతాలోంచి ఎవరి ఖాతాలోకి వెళ్లిందో చూపించే చార్టు అది. నా దగ్గరున్న రెండు ఫైళ్లలో ఆయన పేరు రెండు రకాలుగా ఉంది. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు పూర్తిగా రాసి ఉంది, ఇంకోదాంట్లో అది పొడి అక్షరమై చివరికి వెళ్లింది. ఇద్దరూ ఒకరేనని తేలాక చార్టులో ఆయనకున్న రెండు బొమ్మల్నీ మెర్జ్ చేశాను, అంటే ఒక్కటిగా కలిపేశాను. వయసు రెట్టింపైంది.

సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. వయసు అనే అట్రిబ్యూట్‌ని, అంటే బొమ్మ వెనక ఉండే వివరాన్ని, నంబర్‌గా పెట్టింది నేనే, రెండు బొమ్మలు కలిసినప్పుడు విలువల్ని కూడమని చెప్పిందీ నేనే. పంపిన మొత్తానికి అంతకుముందే అలా చెప్పాను, అదే ఊపులో వయసుకీ చెప్పేశాను. వయసు కాబట్టి చూడగానే తేడా పట్టుకోగలిగాను. అదే ఒక ఖాతా పక్కన 1,20,000 ఉండాల్సిన చోట 2,40,000 పడి ఉంటే? అది చూసి ఎవరికీ అనుమానం రాదు. ఆ అంకె అలాగే నివేదికలోకి వెళ్లిపోతుంది. ఆ రోజు నాకు పట్టుకున్న భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అందుకే కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను మొదట చెప్పేది అట్రిబ్యూట్ల గురించే.

నేను వాడింది ఐ2 అనలిస్ట్స్ నోట్‌బుక్. 1990లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో మొదలైన ఐ2 కంపెనీ తయారు చేసింది. 2011లో దాన్ని ఐబీఎం కొనుక్కుంది, 2022లో అది హారిస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్లింది. పోలీసు దర్యాప్తుల్లో, బ్యాంకుల మోసాల విభాగాల్లో, ఇన్సూరెన్స్ క్లెయిముల పరిశీలనలో దీన్ని వాడతారు. పద్ధతి మాత్రం ఇంకా పాతది. 1970ల్లో కాలిఫోర్నియాలోని అనకాపా సైన్సెస్ సంస్థ పోలీసులకి కాగితం మీద లింక్ చార్టు గీయడం నేర్పింది. మనిషికి ఒక వృత్తం, సంస్థకి ఒక పెట్టె. ఖాయమైన సంబంధానికి నిండు గీత, అనుమానం మాత్రమే ఉంటే చుక్కల గీత. ఆ వృత్తం ఇప్పుడు మనిషి బొమ్మైంది, చార్టు కాగితం మీంచి తెర మీదికి వచ్చింది. కాగితం మీద లేనిది ఒకటి కొత్తగా చేరింది. ప్రతి బొమ్మ వెనకా మనకి కావలసిన వివరాలు పెట్టుకోవచ్చు. వాటి ఆధారంగా వెతకొచ్చు, వడకట్టొచ్చు, లెక్క కట్టొచ్చు. ఆ వివరాలే అట్రిబ్యూట్లు.

చార్టు మీద కనిపించే ప్రతి బొమ్మ ఒక ఎంటిటీ: మనిషి, ఫోన్, ఖాతా, వాహనం, చిరునామా. రెండు ఎంటిటీలని కలిపే గీత లింక్. ఎంటిటీకి ఒక ఐడెంటిటీ ఉంటుంది. అది చార్టు మొత్తంలో ఆ ఒక్కదానికే చెందాలి. బొమ్మ కింద కనిపించే పేరు లేబుల్, అది ఎన్నింటికైనా ఒకటే ఉండొచ్చు. ఇద్దరు వెంకటేశ్వరరావుల లేబుల్ ఒకటే అయినా ఐడెంటిటీలు వేరుగా ఉండాలి. ఈ రెండూ కాక మిగిలిన వివరమంతా అట్రిబ్యూట్లలోకి వెళ్తుంది. 'పుట్టిన తేదీ' అని మనం ఒక్కసారి నిర్వచించి పెట్టుకునేది అట్రిబ్యూట్ క్లాస్. ఫలానా మనిషి మీద దానికి పడే విలువ అట్రిబ్యూట్. క్లాస్ ఒక ఖాళీ ఫారం లాంటిది, అట్రిబ్యూట్ నింపిన ఫారం. చిక్కులన్నీ ఫారం తయారుచేసే దగ్గరే మొదలవుతాయి.

అక్కడ ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ వివరం అసలు అట్రిబ్యూటేనా, లేక విడిగా ఒక ఎంటిటీ కావాలా? దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ చార్టులు ఇక్కడే దెబ్బతింటాయి.

కాల్ రికార్డులే తీసుకోండి, అందరూ సీడీఆర్ అనే ఫైలు. అందులో ఫోన్ చేసిన నంబరు, అవతలి నంబరు, తేదీ, సమయం, ఎన్ని సెకన్లు మాట్లాడారు, ఏ టవరు, సిమ్‌కి చెందిన ఐఎంఎస్‌ఐ నంబరు, హ్యాండ్‌సెట్‌కి చెందిన ఐఎంఈఐ నంబరు ఇవన్నీ వరుసగా ఉంటాయి. కొత్తవాళ్లు సాధారణంగా ఫోన్ నంబర్లని ఎంటిటీలుగా పెట్టి, ఐఎంఈఐని ఆ నంబరు మీద ఒక అట్రిబ్యూట్‌గా దించేస్తారు. చార్టు శుభ్రంగా కనిపిస్తుంది. మోసం చేసేవాడు అదే హ్యాండ్‌సెట్‌లో వారానికో సిమ్ మార్చాడనుకోండి. పది నంబర్లు పది బొమ్మలై, ఒకదానికొకటి సంబంధం లేకుండా చార్టులో తలా ఒక మూల నిలబడతాయి. పదింటి వెనకా ఒకే ఐఎంఈఐ రాసి ఉంటుంది, కానీ ఎవరికీ కనిపించదు. అట్రిబ్యూట్లు గీతలు గీయవు. అదే ఐఎంఈఐని హ్యాండ్‌సెట్ అనే ఎంటిటీగా పెడితే, పది నంబర్ల నుంచీ పది గీతలు వచ్చి ఒక్కచోట చేరతాయి. కేసు మొత్తం ఆ ఒక్క బొమ్మలో ఉండొచ్చు.

కాబట్టి నేను పెట్టుకున్న కొలత ఇది: ఈ వివరాన్ని ఇద్దరు పంచుకునే వీలుంటే, అలా పంచుకోవడం మనకి ముఖ్యమైతే, దాన్ని ఎంటిటీ చేయాలి. లేకపోతే అట్రిబ్యూట్ చాలు. కారు రంగుని వెయ్యి కార్లు పంచుకుంటాయి, దాంతో మనకి ఒరిగేదేమీ లేదు. అది అట్రిబ్యూట్. చిరునామాని ఇద్దరు పంచుకుంటే అది పెద్ద విషయం. అది ఎంటిటీ. మరి ఊరు? ఇద్దరూ వరంగల్ వాళ్లే అయినంత మాత్రాన వాళ్ల మధ్య గీత గీయలేం. ఊరు అట్రిబ్యూటే. ఇంటి నంబరుతో సహా ఉన్న చిరునామా ఎంటిటీ. ఒకే మూలంలోంచి వచ్చిన సమాచారమే రెండు చోట్లకి వెళ్తుంది, ఇందులో తప్పేం లేదు.

ఇంకో విషయం కూడా ఈ నిర్ణయానికి పనికొస్తుంది. ఒక ఎంటిటీ మీద ఒక అట్రిబ్యూట్ క్లాస్‌కి ఒకే విలువ పడుతుంది. మనిషికి రెండు మారుపేర్లుంటే 'మారుపేరు' అనే క్లాస్‌లో రెండు విడివిడిగా పట్టవు. చాలామంది మారుపేరు 1, మారుపేరు 2, మారుపేరు 3 అని క్లాసులు పుట్టిస్తారు. తర్వాత ఎవరైనా ఒక పేరు వెతకాలంటే మూడు చోట్లా వెతకాలి. అలాంటి వివరాన్ని కార్డుల్లో, అంటే బొమ్మకి తగిలించే చిన్న నోట్లలో, పెట్టుకోవడం మేలు, ఒక బొమ్మకి ఎన్ని కార్డులైనా తగిలించొచ్చు. ఆ పేర్లే కేసుకి కీలకమైతే వాటినే ఎంటిటీలు చేయాలి. ఒక క్లాస్‌కి అంకెలు తగిలించాల్సి వస్తోందంటే అది అట్రిబ్యూట్ కాదేమోనని ఒకసారి అనుమానించండి.

ఇక రకం. అట్రిబ్యూట్ క్లాస్‌కి నాలుగు రకాలున్నాయి: టెక్స్ట్, నంబర్, తేదీ-సమయం, ఫ్లాగ్. చూడటానికి ఇంత తేలికైన పని లేదనిపిస్తుంది. అంకెలున్నాయి కాబట్టి నంబర్, అక్షరాలున్నాయి కాబట్టి టెక్స్ట్ అనుకుంటాం. అంకెలు కనిపించడం వేరు, అది లెక్కపెట్టే సంఖ్య కావడం వేరు. రెండు ఫోన్ నంబర్లని ఎవరైనా కూడతారా? రెండు ఖాతా నంబర్ల సగటు ఎవరికి కావాలి? కూడటం, పెద్దా చిన్నా పోల్చడం అర్థం లేని పనైతే అది పేరే. పేరు టెక్స్ట్‌గానే ఉండాలి.

దీన్ని పట్టించుకోకపోతే నష్టం చార్టు కంటే ముందు ఎక్సెల్‌లోనే మొదలవుతుంది. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరుని సంఖ్యగా తెరిస్తే ముందున్న సున్నాలు రాలిపోతాయి. 91తో కలిపి 12 అంకెలుండే మొబైల్ నంబరు, గడి మామూలు ఫార్మాట్‌లో ఉంటే, మధ్యలో ఒక చుక్క, చివర 'ఈ ప్లస్ 11' అన్న రూపంలోకి కుదించుకుపోయి కనిపిస్తుంది. దాన్ని అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే అసలు అంకెలు పోయినట్టే. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది కాబట్టి 16 అంకెల కార్డు నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. చివరి అంకెలో మాత్రమే తేడా ఉన్న రెండు కార్డులు ఒకటైపోతాయి. ఇవన్నీ చార్టులోకి వచ్చాక సరిచేయలేం. ఫైలు తెరిచేటప్పుడే ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పి తెరవాలి, చార్టులో క్లాస్‌ని కూడా టెక్స్ట్‌గానే పెట్టాలి.

ఐఎంఈఐలో ఇంకో మెలిక ఉంది, అది తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఐఎంఈఐ అంటే 15 అంకెలు. మొదటి 8 మోడల్‌ని చెబుతాయి, తర్వాతి 6 ఆ ఒక్క హ్యాండ్‌సెట్ వరుస సంఖ్య, చివరిది మిగతా 14 నుంచి లెక్కకట్టి తీసే తనిఖీ అంకె. ఫోన్ పెట్టె మీద ఈ 15 అంకెలూ సరిగ్గా ఉంటాయి. నెట్‌వర్క్ రికార్డుల్లో మాత్రం చాలాసార్లు తనిఖీ అంకె చోట సున్నా ఉంటుంది, ఎందుకంటే ఫోన్ నెట్‌వర్క్‌కి పంపేటప్పుడు ఆ అంకెని పంపదు. పెట్టె మీది నంబరుతో ఒక బొమ్మ, సీడీఆర్‌లోంచి ఇంకో బొమ్మ వస్తే, ఒకే హ్యాండ్‌సెట్ రెండుగా నిలబడుతుంది. దీనికి చికిత్స అట్రిబ్యూట్‌లోనే ఉంది. మొదటి 14 అంకెల్ని ఐడెంటిటీగా వాడి, ఫైల్లో వచ్చిన 15 అంకెల్ని 'రికార్డులో ఉన్న ఐఎంఈఐ' అనే టెక్స్ట్ అట్రిబ్యూట్‌లో ఉన్నదున్నట్టు ఉంచాలి. పోలిక పనిచేస్తుంది, అసలు ఆధారమూ చెక్కుచెదరదు.

తేదీల సంగతి చాలావరకు అందరికీ తెలిసిందే. 03/04 అంటే ఏప్రిల్ 3నా, మార్చి 4నా అన్నది ఇంపోర్ట్ చేసేటప్పుడే చెప్పాలి. తేదీని టెక్స్ట్‌గా పెట్టొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. తేదీ రకంలో ఉంటేనే ఏ వారం, ఏ గంటలో కాల్స్ ఎక్కువున్నాయో హిస్టోగ్రామ్‌లో, అంటే లెక్కల్ని పట్టీలుగా చూపే బొమ్మలో, చూడగలం. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య మాత్రమే మోగే ఫోన్ ఒకటుందని టెక్స్ట్ ఎప్పటికీ చెప్పదు.

ఫ్లాగ్ అంటే అవును, కాదు. తేలికే కానీ ఇక్కడ మూడో స్థితి ఒకటుంది: అసలు పెట్టకపోవడం. 'కేవైసీ పత్రాలు సరిపోలాయి' అన్న ఫ్లాగ్‌లో 'కాదు' అంటే చూశాం, తేడా ఉంది అని. ఫ్లాగ్ లేకపోతే ఇంకా చూడలేదని. ఈ రెండింటినీ ఒకటిగా చదివితే, మనం చూడని ఖాతాదారు మీద మన బద్ధకం అనుమానమై పడుతుంది. ఒక మనిషి గురించి చార్టులో ఏదో రాస్తున్నామన్న ఎరుక ఉండాల్సిన చోటు ఇదే. నా టెంప్లేట్‌లో ప్రతి ఫ్లాగ్ పేరునీ వాక్యంలా రాస్తాను. 'కేవైసీ' అని ఊరికే రాస్తే, అవును అంటే ఏమిటో ఆరు నెలల తర్వాత నాకే గుర్తుండదు.

ఇప్పుడు మొదటి కథకి వస్తాను. అట్రిబ్యూట్ క్లాస్ నిర్వచించేటప్పుడు రెండు బొమ్మలు మెర్జ్ అయితే విలువలు ఏం కావాలో, బొమ్మని ఇంకో చార్టులోకి పేస్ట్ చేస్తే అక్కడ అదే ఐడెంటిటీతో ఇంకొకటి ఉంటే ఏం కావాలో చెప్పే అమరికలు ఉంటాయి. చాలామంది ఈ భాగాన్ని తెరవను కూడా తెరవరు. నంబర్‌కైతే కూడటం, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసివేయడం, పెద్దది ఉంచడం, చిన్నది ఉంచడం, కొత్తదాన్ని పాతదాని మీద రాయడం, ఏమీ చేయకపోవడం ఉంటాయి. టెక్స్ట్‌కి అతికించడం ఉంటుంది. అందులోనూ ఉత్తగా అతికించమంటే 'కూకట్‌పల్లిమియాపూర్' అని ఒకే ముద్ద అవుతుంది, మధ్యలో ఖాళీతో గానీ కొత్త లైనుతో గానీ అతికించమంటే చదవగలిగేలా ఉంటుంది. ఫ్లాగ్‌కి, రెండింట్లో ఏ ఒక్కటి అవునైనా అవును అనుకోవాలా, రెండూ అవునైతేనే అవును అనుకోవాలా అన్న ఎంపిక ఉంటుంది.

ప్రతి వివరానికీ సరైన జవాబు దాని అర్థంలోనే దొరుకుతుంది. ఖాతా తెరిచిన తేదీ విషయంలో రెండింట్లో ముందున్నది కావాలి. చివరిసారి వాడిన తేదీ విషయంలో రెండింట్లో తర్వాతిది కావాలి. ఈ రెండింటినీ 'తేదీ' అన్న ఒకే క్లాస్‌లో ఇరికిస్తే ఏది ఎంచుకున్నా సగం తప్పే. 'అనుమానిత లావాదేవీ ఉంది' అన్న ఫ్లాగ్‌కి ఏ ఒక్కటైనా అవునైతే అవును. 'పత్రాలన్నీ సరిపోలాయి' అన్నదానికి రెండూ అవునైతేనే అవును. వయసుకైతే సరైన జవాబే లేదు, ఎందుకంటే వయసు అట్రిబ్యూట్‌గా ఉండదగ్గ వివరం కాదు. అది ఏటా మారుతుంది. పుట్టిన తేదీ మారదు. ఆ రోజు నా తప్పు కూడమని చెప్పడం దగ్గర మొదలవలేదు, అంతకుముందే వయసు అనే క్లాస్ పుట్టించడం దగ్గర మొదలైంది.

డబ్బు మొత్తాల విషయంలో మెర్జ్‌కి, పేస్ట్‌కి వేర్వేరు జవాబులు ఉండాలని నా అభిప్రాయం. మెర్జ్ చేసేది మనం, కళ్లారా చూసి. ఒక ఖాతా మీద వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన 1,20,000, 80,000 వేర్వేరు లావాదేవీలని తెలిసి కలిపితే 2,00,000 కావడం న్యాయమే. పేస్ట్ అలా కాదు. చార్టులో ఒక ముక్క కాపీ చేసుకుని, పక్క చార్టులో కాస్త పనిచేసి, మళ్లీ తెచ్చి అతికిస్తాం. వచ్చేది చాలాసార్లు పాత సమాచారమే. పేస్ట్‌కీ కూడమని పెడితే అతికించిన ప్రతిసారీ మొత్తం పెరిగిపోతుంది. అందుకని మెర్జ్‌లో కూడటం, పేస్ట్‌లో మీద రాయడం పెడతాను. ఇంకా భద్రమైన దారి, ప్రతి లావాదేవీనీ ఒక్కో లింక్‌గా ఉంచి మొత్తాన్ని జాబితాలోంచి లెక్కకట్టుకోవడం. రెండు ఎంటిటీల మధ్య గీతలన్నీ ఒక్కటిగా కలపాలా, దిక్కుల వారీగా రెండు చేయాలా, విడివిడిగా ఉంచాలా అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. ఒక్కటిగా కలిపితే చార్టు తేలిగ్గా కనిపిస్తుంది, కానీ 37 కాల్స్ సమయాలు ఒక్క గీతలో నిలవవు. ఆ 37 సమయాలతో పనుందా లేదా అన్నది ఇంపోర్ట్‌కి ముందే తేలాలి.

పేర్ల గొడవ మామూలుదే అయినా బాధపెట్టేది. ఒక టీమ్‌లో ఒకరు 'మొబైల్', ఇంకొకరు 'ఫోన్ నం.', మూడోవారు 'సెల్' అని క్లాసులు చేస్తే సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి మూడు వేర్వేరు సంగతులు. ఫిల్టర్‌లో ఒకటి పెడితే మిగతా రెండూ జారిపోతాయి. రూపాయల్లో ఒకరు, లక్షల్లో ఒకరు నింపితే అంతకంటే కష్టం. క్లాస్ పేరులోనే 'మొత్తం, రూపాయల్లో' అని రాసుకోవాలి. 'రూ.' అన్నదాన్ని విలువలో కలపకుండా ముందు కనిపించే ప్రిఫిక్స్‌గా పెట్టుకుంటే విలువ శుద్ధమైన సంఖ్యగా మిగులుతుంది. బొమ్మ కింద ఏది చూపించాలో కూడా అక్కడే ఎంచుకోవచ్చు. రెండు మూడు మించి చూపించకండి, మిగిలినవి దాచినా వెతికితే దొరుకుతాయి. ఈ క్లాసులన్నిటినీ ఒక టెంప్లేట్‌లో పెట్టి, టీమ్ అంతా దాంతోనే కొత్త చార్టు తెరవాలి.

మన రాష్ట్రాల వాహనాలతో పనిచేసేవాళ్లకి ఒక్క మాట. నంబర్ ప్లేట్ మొదటి అక్షరాల్ని చూసి 'రాష్ట్రం' అట్రిబ్యూట్ నింపే ఫార్ములాలు ఫైళ్లలో తిరుగుతుంటాయి. 2014కి ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన బండి మీద ఏపీ 09 లాంటి నంబరు ఉంటుంది, అది తెలంగాణ బండే. తెలంగాణ కొత్త బండ్లకి 2014 నుంచి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి ఆ ప్లేట్‌లో జిల్లా జాడే లేదు. ప్లేట్ నంబరుని టెక్స్ట్‌గా, ఖాళీలూ గీతలూ తీసేసి ఒక్క తీరులో ఐడెంటిటీకి వాడండి. రాష్ట్రం, జిల్లా మాత్రం రిజిస్ట్రేషన్ రికార్డులోంచి వస్తేనే నింపండి, లేకపోతే ఖాళీగా వదలండి.

ఇప్పటికే చార్టు తప్పు క్లాసులతో నిండిపోయి ఉంటే, కొత్త పేరుతో సరైన రకం క్లాస్ చేసి, అసలు ఫైలు నుంచే మళ్లీ దించండి. చార్టులో ఉన్న విలువల్ని చూసి చేత్తో టైపు చేయకండి, రాలిపోయిన సున్నాలు అక్కడా లేవు. పాత క్లాస్‌ని వెంటనే తీసేయకుండా రెండింటినీ ఐటమ్స్ జాబితాలో పక్కపక్క కాలమ్‌లుగా తెరిచి చూడండి. రెండూ ఒకటే ఉన్న వరుసలు వదిలేసి, తేడా ఉన్నవి ఒక్కొక్కటీ మూలపత్రంతో సరిచూశాకే పాతదాన్ని తొలగించండి. ఆ 68 ఏళ్ల మనిషి చార్టులో నాకు అలా తేడా పడిన వరుసలు ఇంకో పదకొండు బయటపడ్డాయి. అన్నీ మొత్తాలే.